మంచు అడుగున పొలం: ధ్రువ సముద్రాల జీవం గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

జువాలజీ_మేడమ్ (హబ్సిగూడ)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. మా అమ్మాయి బీఎస్సీ రెండో సంవత్సరం. మొన్న రాత్రి అన్నం కలుపుకుంటూ, "అమ్మా, ఎమ్మెస్సీలో మెరైన్ బయాలజీ తీసుకుంటా. ఆ తర్వాత ధ్రువ సముద్రాల మీద పనిచేస్తా" అంది. ఏదో వీడియో చూసి అంటోందేమో అనుకున్నాను. కాదు, అదితి పంత్ గారి గురించి చదివిందట. నాగపూర్‌లో పుట్టి, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త ఆవిడ. 1983 డిసెంబర్‌లో బయల్దేరిన మన మూడో అంటార్కిటికా యాత్రలో, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా గారితో కలిసి వెళ్ళారు. ఆ ఖండం మీద కాలుపెట్టిన మొదటి భారతీయ మహిళలు వాళ్ళిద్దరే. సుదీప్త గారు అక్కడి రాళ్ళు చదివితే, అదితి గారు నీళ్ళు చదివారు. అంత చల్లటి సముద్రంలో ఎవరు ఎవర్ని తిని బతుకుతున్నారు అన్నది ఆవిడ పని.

నాకు సంతోషంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. నేను చదువుకున్న రోజుల్లో సముద్ర జీవులంటే ఫార్మలిన్ సీసాల్లో తెల్లగా పాలిపోయిన నమూనాలే. పిల్ల అడుగుతున్నవాటిలో సగానికే నా దగ్గర జవాబుంది. అక్కడ మంచు తగ్గితే జీవులకు అసలేమవుతుంది? సముద్రమే లేని మన హైదరాబాద్‌లో ఈ పనికి దగ్గరగా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? చెప్పండి, అమ్మాయికి చూపిస్తాను.

నరసింహం (నల్లకుంట)
శనివారం, రాత్రి 9:41

అమ్మా, పిల్ల చదువుకి అడ్డు చెప్పడం కాదు. నా బాధ వేరు. మా చిన్నప్పుడు ఈతకొట్టిన చెరువుల్లో సగం ఇవాళ కాలనీలయ్యాయి. మిగిలినవాటి దగ్గరికి ముక్కు మూసుకుని వెళ్ళాలి. మేలో ఇంట్లో కూర్చోలేం, అక్టోబర్‌లో వాన పడితే బయటికి పోలేం. మన ఊరి నీళ్ళను చూడ్డానికే మనుషులు లేనప్పుడు, తెలివైన పిల్లలంతా ప్రపంచం చివరికి పోయి పెంగ్విన్లను లెక్కపెడితే ఎట్లా?

కెరటం (కూకట్‌పల్లి)
శనివారం, రాత్రి 10:25

నరసింహం గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ముందు మేడమ్ గారికి చెప్పి మీ దగ్గరికి వస్తాను.

కొన్నేళ్ళ కిందట పరిశోధక విద్యార్థిగా నేను దక్షిణ మహాసముద్ర యాత్రలో ఓడ ఎక్కాను. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక అలల ఊపుకి పడిపోకుండా మంచానికి బెల్టు కట్టుకునే పడుకున్నాం. నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది: నీళ్ళు వడకట్టడం. వేర్వేరు లోతుల్లో నింపుకుని పైకి వచ్చిన సీసాల నీటిని, బొట్టుబిళ్ళ డబ్బా మూతంత ఫిల్టర్ కాగితం గుండా పంపు పెట్టి లాగాలి. రోజుల తరబడి ఎన్ని లీటర్లు పోసినా కాగితం తెల్లగానే ఉండేది. మంచు అంచు దగ్గరికి చేరిన రోజున మాత్రం రెండు లీటర్లకే గోధుమరంగు తిరిగిన ఆకుపచ్చ అంటుకుంది. మూడో లీటరు దిగనేలేదు, కాగితం పూడుకుపోయింది. అదంతా డయాటమ్‌లు. గాజు పెంకు కట్టుకుని బతికే ఏకకణ శైవలాలు (ఆల్గే). అదే రోజు ఓడ తగిలి ఒక మంచు పలక పక్కకి ఒరిగింది. పైన పాలలా తెలుపు, అడుగున మాత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగు. డెక్ మీద ఉన్నవాళ్ళం మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాం.

మేడమ్, మీ అమ్మాయి ముందుగా పట్టుకోవాల్సింది ఆ డికాక్షన్ రంగునే. సముద్రపు నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు, చిక్కటి ఉప్పునీరుగా మిగిలి సన్నటి కాలువల్లో నిలుస్తుంది. ఆ కాలువల్లో, మంచు అడుగు భాగాన శైవలాలు పెరుగుతాయి. అంటే అది తలకిందులుగా వేలాడే పొలం. నేల పైన ఉంటుంది, పంట కిందికి మొలుస్తుంది.

ఆ పంట మీద బతికేది క్రిల్. రొయ్యలా కనిపిస్తుంది, పెద్దదైతే ఆరు సెంటీమీటర్లు. వేసవిలో నీటిలోని డయాటమ్‌లు తింటుంది. శీతాకాలం నీటిలో తిండి ఉండదు కాబట్టి, ముఖ్యంగా పిల్ల క్రిల్ మంచు కిందికి చేరి ఆ అడుగుని గీక్కుని తింటుంది. తిమింగలం, సీల్, పెంగ్విన్, ఆల్బట్రాస్ అన్నీ నేరుగానో ఒక మెట్టు అవతలనో ఈ చిన్న జీవి మీదే ఆధారపడ్డాయి. శాస్త్రవేత్తల అంచనాల్లో దాని మొత్తం బరువు 30 కోట్ల నుంచి 50 కోట్ల టన్నులు. మంచు ఆలస్యంగా కట్టినా, తొందరగా విరిగినా పిల్ల క్రిల్‌కి ఆ ఏడు కరువే. మన దగ్గర తొలకరి తప్పితే రైతుకి ఏమవుతుందో, అదే.

రాజశేఖర్ (బాలానగర్)
శనివారం, రాత్రి 11:03

ఉపగ్రహ చిత్రాలతో ముప్పై ఏళ్ళు గడిపి రిటైరైనవాణ్ణి. కెరటం గారు చెప్పిన పొలం ఎంత పెద్దదో లెక్క చెబుతాను.

అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు ఏటా ఊపిరి తీసినట్టు పెరిగి తగ్గుతుంది. ఫిబ్రవరిలో సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు, సెప్టెంబర్‌లో దాదాపు 1.85 కోట్లు. 2023 ఫిబ్రవరిలో అది 17.9 లక్షలకు పడిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 1.7 కోట్లు కూడా దాటలేదు, సగటు కన్నా దాదాపు 17.5 లక్షలు తక్కువ. మన దేశ విస్తీర్ణం సుమారు 33 లక్షలు కదా, అందులో సగానికి పైగా పొలం ఆ శీతాకాలం మొలవనే లేదు. 1979 నుంచి ఉన్న ఉపగ్రహ రికార్డులో అలాంటి శీతాకాలం అంతకు ముందు లేదు.

సాయి (కుత్బుల్లాపూర్)
శనివారం, రాత్రి 11:20

సార్, నాదొక డౌట్. 2014లో అంటార్కిటికా మంచు రికార్డు స్థాయిలో పెరిగిందని నేనే చదివాను. ఒక ఏడాది పెరిగి ఒక ఏడాది తగ్గితే అది వాతావరణ మార్పు అని ఎలా అంటాం?

రాజశేఖర్ (బాలానగర్)
ఆదివారం, ఉదయం 6:15

చదివింది నిజమే బాబూ. 2014 సెప్టెంబర్‌లో అది 2 కోట్లు దాటింది. అప్పట్లో మేమూ తల గోక్కున్నాం, ఎందుకంటే ఉత్తరాన ఆర్కిటిక్ మంచు ఏడాదికేడాది కరుగుతూ 2012 సెప్టెంబర్‌లో 34 లక్షలకు దిగిపోయింది. ఉత్తరాన నేల చుట్టూ ఉండి మధ్యలో సముద్రం, దక్షిణాన సముద్రం చుట్టూ ఉండి మధ్యలో నేల. గాలులు, ప్రవాహాలు రెండు చోట్లా ఒకలా పనిచేయవు. దక్షిణాన గాలులు మంచును బయటికి తోసి పరిచాయి కాబట్టి కొన్నేళ్ళు విస్తీర్ణం పెరిగింది. 2016లో ఒక్కసారిగా కూలింది, ఆ తర్వాత మునుపటి స్థాయికి స్థిరంగా తేరుకోలేదు. పైపొర కింద వేడెక్కిన నీరు ఇందులో ముఖ్య కారణమని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు.

ఇంకో మాట. తేలే సముద్రపు మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు పెరగదు. మట్టం పెంచేది ఖండం మీద ఉన్న మంచు. టీవీలో ఈ రెండింటినీ కలిపేస్తారు, మన చర్చలో కలపొద్దు. ఇక్కడ మాట్లాడుతున్నది పొలం గురించి.

షాహీన్_టీచర్ (టోలిచౌకి)
ఆదివారం, ఉదయం 8:02

నేను ఆరో తరగతికి సైన్స్ చెబుతాను. పిల్లల్ని స్నో వరల్డ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఒక బాబు అడిగాడు: "టీచర్, పెంగ్విన్‌కి నీళ్ళూ వచ్చు, నేలా వచ్చు కదా, మంచు లేకపోతే ఏం?" నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ బాబు మొహం ఇప్పటికీ గుర్తుంది. ఎవరైనా చెబుతారా?

కెరటం (కూకట్‌పల్లి)
ఆదివారం, ఉదయం 9:30

షాహీన్ గారూ, ఆ బాబుకి ఎంపరర్ పెంగ్విన్ సంగతి చెప్పండి. అది గుడ్డు పెట్టేది నేల మీద కాదు, ఒడ్డుకి అతుక్కుని ఉన్న సముద్రపు మంచు మీద. పిల్లకు మొదట ఒంటి మీద బూడిదరంగు నూగు మాత్రమే ఉంటుంది, అది నీళ్ళకు తడిసిపోతుంది. నీరు అంటని ఈకలు వచ్చేసరికి డిసెంబర్, జనవరి అవుతుంది. అప్పటిదాకా మంచు నిలబడి తీరాలి. 2022 చివర్లో బెలింగ్స్‌హాసన్ సముద్రంలో ఆ మంచు ముందే విరిగిపోయింది. అక్కడి ఐదు కాలనీల్లో నాలుగింటిలో ఆ ఏడాది పిల్లలు ఒక్కటి కూడా బతికి ఉండే అవకాశం లేదని ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చారు. మంచు మీద పెంగ్విన్ల రెట్టల మరక అంతరిక్షం నుంచి గోధుమరంగులో కనిపిస్తుంది. ఆ మరక ఉన్నచోట తర్వాతి చిత్రంలో నల్లటి నీళ్ళు. ఆ రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నాకు అన్నం దిగలేదు.

అడేలీ పెంగ్విన్‌ది మరో కథ. అది నేల మీదే గూడు కడుతుంది, చిన్నచిన్న రాళ్ళు పేర్చి. కానీ వేటకు మంచు కావాలి. అంటార్కిటిక్ ద్వీపకల్పం పడమటి వైపు, పామర్ స్టేషన్ చుట్టుపక్కల దీవుల్లో 1970ల మధ్యలో 15,000 జంటలకు పైగా ఉండేవి. ఇప్పుడు అందులో చిన్న భాగమే మిగిలింది. వాటి చోటికి మంచు అవసరం అంతగా లేని జెంటూ పెంగ్విన్లు వచ్చాయి. వేడెక్కిన గాలిలో తేమ పెరిగి మంచు ఎక్కువగా కురుస్తుంది, అది గుడ్లు పెట్టే వేళ కరిగి గూళ్ళలో నీరు నిలుస్తుంది. రాళ్ళ గూట్లో నీళ్ళలో మునిగిన గుడ్డును తల్లి పొదుగుతూనే ఉంటుంది.

భీమవరం_రాజు (మియాపూర్)
ఆదివారం, ఉదయం 10:10

నేను శాస్త్రవేత్తను కాదండి. మాది రొయ్యల చెరువుల కుటుంబం, వనామీ. నేను ఉద్యోగానికి మియాపూర్ వచ్చినా, పట్టుబడి రోజున ఊళ్ళోనే ఉంటాను. క్రిల్ అనే మాట నాకు చిన్నప్పట్నుంచి తెలుసు, మేత బస్తాల మీద చూసి. రొయ్య మేత దగ్గరికి ఆశగా రావాలంటే వాసన ఉండాలి, దానికి కొన్ని రకాల మేతల్లో క్రిల్ పొడి కలుపుతారు. ఆ పొడి ఎక్కడిదని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే, పెంగ్విన్ నోటి కాడిది మా చెరువులోకి వస్తోందా అని మనసులో గుచ్చుకుంది. దానికి లెక్కా పత్రం ఉందా?

కెరటం (కూకట్‌పల్లి)
ఆదివారం, ఉదయం 11:45

రాజు గారూ, ఉందండి. 1982 నుంచి అమల్లో ఉన్న ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద ఒక కమిషన్ ఈ వేటను నియంత్రిస్తుంది. మన దేశం కూడా అందులో సభ్యురాలే. క్రిల్ ఎక్కువగా పట్టేది దక్షిణ అట్లాంటిక్ వైపు. అక్కడ ఏడాదికి 6.2 లక్షల టన్నులు చేరగానే వేట ఆపాలి. 2025లో మొదటిసారి ఆ గీత దాకా వచ్చేశారు, ఆగస్టులోనే వేట మూసేశారు.

మొత్తం క్రిల్‌లో ఇది చిన్న పాలే కదా అని వేటవాళ్ళ వాదన. చిక్కు బరువులో లేదు, చోటులో ఉంది. పడవలు వెళ్ళేది క్రిల్ దట్టంగా ఉండే చోటికి, తిమింగలాలూ పెంగ్విన్లూ వెళ్ళేదీ అక్కడికే. పైగా క్రిల్ ఉన్నచోట ఉండటం లేదు. దశాబ్దాల వలల రికార్డులన్నీ కలిపి ఆట్కిన్సన్ బృందం 2019లో చూపించింది: నైరుతి అట్లాంటిక్‌లో నలభై ఏళ్ళలో క్రిల్ సాంద్రత కేంద్రం సుమారు 440 కిలోమీటర్లు దక్షిణానికి జరిగింది. ఇంకా ఎంత జరుగుతుంది? వెనకాల ఖండం గోడలా ఉంది. మీ చెరువు గట్టు తెగితే రొయ్య పంట కాలవలోకి పోతుంది. అక్కడ పోవడానికి కాలవ కూడా లేదు.

మీరు మేత కొనేటప్పుడు అందులో ఏముందో అడగండి. పదిమంది రైతులు అడిగితే డీలరు కంపెనీని అడుగుతాడు.

సాయి (కుత్బుల్లాపూర్)
ఆదివారం, మధ్యాహ్నం 12:30

అక్కా, దక్షిణ మహాసముద్రంలో ఇనుము తక్కువని, అది కలిపితే శైవలాలు విపరీతంగా పెరిగి కార్బన్ పీల్చుకుంటాయని ఒక చోట చదివాను. మరి ఓడల్లో తీసుకెళ్ళి చల్లేస్తే రెండు పనులూ అయిపోవా? క్రిల్‌కి తిండి, మనకి కార్బన్ తగ్గడం?

కెరటం (కూకట్‌పల్లి)
ఆదివారం, మధ్యాహ్నం 3:05

సాయీ, ఈ ప్రశ్నకు మన దేశమే సముద్రం మధ్యకి పోయి జవాబు తెచ్చింది. ఇది మన పిల్లలందరికీ తెలియాలి, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

అక్కడి నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలం. అయినా చాలాచోట్ల నీళ్ళు నిర్జీవంగా నీలంగా ఉంటాయి. వానా నీరూ బాగా ఉండి, జింకు లేక వరి ఎర్రబడినట్టు, అక్కడ కొరత ఇనుముది. ఎడారి దుమ్ము అక్కడిదాకా పెద్దగా రాదు, నదులు లేవు. 1980ల చివర్లో జాన్ మార్టిన్ అనే సముద్ర శాస్త్రవేత్త ఈ సంగతి గట్టిగా చెప్పాడు. 2009 జనవరిలో గోవాలోని మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థా, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగనర్ సంస్థా కలిసి పోలార్‌స్టెర్న్ అనే ఓడలో కేప్‌టౌన్ నుంచి బయల్దేరాయి. మన వైపు నుంచి వజీహ్ నఖ్వీ, అటు నుంచి విక్టర్ స్మెటాచెక్ నాయకులు. ప్రయోగం పేరు లోహాఫెక్స్. అందులో 'లోహ' మన మాటే. సముద్రంలో సుడి తిరిగే ఒక చోటు చూసుకుని సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఐరన్ సల్ఫేట్ కలిపి, వారాల తరబడి ఆ మచ్చ వెంటే ఓడను తిప్పారు.

శైవలాలు పెరిగాయి. కానీ పెరిగింది డయాటమ్‌లు కాదు. డయాటమ్ గాజు పెంకు కట్టుకోవాలంటే నీటిలో సిలికా ఉండాలి, ఆ చోట అప్పటికే అది అయిపోయింది. కాబట్టి పెంకులేని చిన్న శైవలాలు పెరిగాయి. వాటిని కోపెపాడ్‌లు, అంటే నూకగింజంత ఉండే రొయ్య చుట్టాలు, వచ్చి తినేశాయి. వాటిని తినడానికి ఆంఫిపాడ్‌లు చేరాయి. పీల్చిన కార్బన్‌లో చాలావరకు పైపొరలోనే ఊపిరిగా తిరిగి బయటికి వచ్చేసింది, లోతుకు దిగింది చాలా తక్కువ. అదే స్మెటాచెక్ బృందం 2004లో సిలికా ఉన్న చోట చేసిన ప్రయోగంలో డయాటమ్‌లు గుంపులుగా చచ్చి వెయ్యి మీటర్ల కిందికి దిగాయి. సముద్రం ఒకటే, ఇనుము ఒకటే, ఫలితం వేరు. ఎవరు మొలుస్తారు, ఎవరు తింటారు అన్నదే కార్బన్ ఎటు పోతుందో తేలుస్తుంది. వాతావరణ మార్పు చర్చలో పరిశ్రమల లెక్కలు చూసేవాళ్ళు ఎంత అవసరమో, ఓ కోపెపాడ్ పొట్టలో ఏముందో చూసేవాళ్ళూ అంత అవసరం. అదితి గారు ఆ ఆహార గొలుసును వెతుక్కుంటూ అంత దూరం పోయిన కారణం కూడా ఇదే అని నా నమ్మకం.

క్రిల్ పెంట సంగతి కూడా చెప్పాలి. అది గట్టి దారపు ముక్కల్లా ఉంటుంది, వేగంగా కిందికి దిగుతుంది. దానితో కార్బన్ లోతుకు పోతుంది. తిమింగలం క్రిల్‌ని తిని పైపొరలో వదిలిన పెంటలో ఇనుము ఉంటుంది, దానితో మళ్ళీ శైవలం మొలుస్తుంది. పశువుల ఎరువు లాంటిదే. 20వ శతాబ్దంలో దక్షిణార్ధ గోళంలో 20 లక్షలకు పైగా తిమింగలాలను చంపారు. అంత ఎరువు ఆ పొలానికి ఆగిపోయింది.

వాసు (తార్నాక)
ఆదివారం, సాయంత్రం 5:20

మేడమ్, మన ఊళ్ళో ఎవరున్నారని అడిగారు. మా తార్నాక దగ్గరే మొదలుపెట్టండి. సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఎస్. శివాజీ గారి బృందం అంటార్కిటికా మట్టి, నీళ్ళ నుంచి కొత్త బాక్టీరియాలు చాలా వెలికి తీసింది. అక్కడ మంచు కప్పని నేల అయిన షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో దొరికిన ఒకదానికి 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరు పెట్టారు. బయట 42 డిగ్రీల ఎండ, లోపల 4 డిగ్రీల చల్లటి గదిలో అంటార్కిటికా జీవులు. అలాంటి గదిలో స్వెట్టర్ వేసుకుని నేనూ కొన్నాళ్ళు పనిచేశాను. తలుపు తీసుకుని బయటికి రాగానే కళ్ళద్దాలు మసకబారేవి.

అవి గడ్డకట్టకుండా ఎలా బతుకుతాయో మీ అమ్మాయికి వంటింట్లోనే చూపించొచ్చు. జనవరి పొద్దున మన ఇంట్లో నెయ్యి, కొబ్బరినూనె గడ్డకడతాయి. పల్లీ నూనె కట్టదు. కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. చలి దేశపు బాక్టీరియా ఆ పొరలో నెయ్యి లాంటి కొవ్వులు తగ్గించి, నూనె లాంటి అసంతృప్త కొవ్వులు పెంచుకుంటుంది. అప్పుడు పొర మెత్తగా, కదిలేలా ఉంటుంది. క్రిల్‌ ఒంట్లో ఒమేగా-3 అంతగా ఉండటానికీ ఇదొక కారణం. శైవలం నుంచి వచ్చి క్రిల్ ఒంట్లో చేరిన ఆ కొవ్వునే మనవాళ్ళు మందుల షాపులో క్యాప్సూల్‌గా కొంటున్నారు.

రాజశేఖర్ (బాలానగర్)
ఆదివారం, సాయంత్రం 6:00

వాసు గారు చెప్పినదానికి తోడు, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సముద్రాన్ని చూసే సంస్థ. కాకినాడ, నిజాంపట్నం మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేది వాళ్ళే. నీటి ఉష్ణోగ్రత, ఉపగ్రహం చూసిన క్లోరోఫిల్ రంగు, ముఖ్యంగా ఈ రెండూ ఆ సమాచారానికి ఆధారం. కెరటం గారి ఫిల్టర్ కాగితానికి అంటిన ఆకుపచ్చే అది, ఆకాశం నుంచి చూసినట్టు.

ఆర్గో ఫ్లోట్ల సమాచారం కూడా అక్కడికి వస్తుంది. మనిషి ఎత్తు గొట్టం అది. వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, అక్కడ్నుంచి నీటిని కొలుచుకుంటూ పైకి వచ్చి ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతుంది. పైన మంచు ఉందని నీటి చలిని బట్టి పసిగట్టి, తల కొట్టుకోకుండా వెనక్కి దిగే ఫ్లోట్లు కూడా ఉన్నాయి. ఓడలు పోలేని శీతాకాలంలో ఆ పొలం కింద ఏం జరుగుతోందో మనకు చెప్పేది అవీ, తలకు పరికరం అంటించుకుని ఈదే ఎలిఫెంట్ సీల్సూనూ.

నరసింహం గారూ, ఒక్కసారి మ్యాప్ తీయండి. మనం 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్నాం. ఇక్కణ్ణుంచి సూటిగా దక్షిణానికి గీత గీస్తే తమిళనాడు దాటాక అన్నీ నీళ్ళే. ఆ గీత ఖండాన్ని తాకే చోటికి దగ్గర్లోనే, 76 డిగ్రీల దగ్గర, 2012లో మొదలైన మన భారతి స్టేషన్ ఉంది. మనకూ దానికీ మధ్య గోడ లేదు. మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో సముద్రాలు పీల్చుకున్న దాంట్లో దాదాపు 40 శాతం ఆ దక్షిణ మహాసముద్రమే తీసుకుంది, అదనపు వేడిలో ఇంకా పెద్ద వాటా. అది ఆ మోత మోయకపోతే మీరు చెప్పిన మే నెల ఇంకెలా ఉండేదో ఆలోచించండి.

నరసింహం (నల్లకుంట)
ఆదివారం, రాత్రి 7:35

మనవడితో మ్యాప్ తీయించాను. నిజమే, మధ్యలో ఏమీ లేదు. చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చెరువుల సంగతి నేను వదలను, అది వేరే మాట. కానీ పిల్ల వెళ్ళాలి అమ్మా. వెళ్ళనివ్వండి. మేడమ్, దారి ఏమిటో కూడా ఎవరైనా చెప్పాలి కదా?

కెరటం (కూకట్‌పల్లి)
ఆదివారం, రాత్రి 8:15

దారి ఉందండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కొచ్చిలో కుసాట్ (కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం), గోవా విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్రాలకు మంచి చోట్లు. ధ్రువ యాత్రలు నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అంటార్కిటికాలో మైత్రి, భారతి కాక, ఉత్తరాన నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి స్టేషన్ ఉంది. దాని పక్కనే ఉన్న కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో 2014లో మనవాళ్ళు నీటిలో ఇండార్క్ అనే పరికరాల గొలుసు దించారు. అట్లాంటిక్ వెచ్చటి నీరు ఆ పాయలోకి ఎప్పుడెంత చొరబడుతోందో అది పట్టుకుంటుంది. ఆ నీటితోపాటు అట్లాంటిక్ కోపెపాడ్ వస్తుంది. అది ఆర్కిటిక్ కోపెపాడ్ కన్నా చిన్నది, ఒంట్లో కొవ్వు తక్కువ. దాన్ని తిని పెరిగే పక్షికి అన్నం స్థానంలో గంజి దొరికినట్టు.

అమ్మాయికి నా మాటగా చెప్పండి: ఇప్పట్నుంచే మైక్రోస్కోప్ కింద కళ్ళు నిలిపి కూర్చోవడం అలవాటు చేసుకోవాలి, స్టాటిస్టిక్స్‌ని, కాస్త ప్రోగ్రామింగ్‌ని పక్కన పెట్టొద్దు. నేను రెండూ ఆలస్యంగా నేర్చుకుని ఇబ్బంది పడ్డాను. పడవలో కడుపులో తిప్పడం గురించి భయపడక్కర్లేదు, నాలుగో రోజుకి సర్దుకుంటుంది. మైక్రోస్కోప్ కింద పెట్టడానికి దగ్గర్లోని ఏ కుంట నుంచో చెరువు నుంచో నీళ్ళు తెచ్చి చూడమనండి. డయాటమ్‌లు అక్కడా ఉంటాయి. నరసింహం గారి చెరువుకీ పనికొస్తుంది.

జువాలజీ_మేడమ్ (హబ్సిగూడ)
ఆదివారం, రాత్రి 9:50

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అమ్మాయి నా పక్కనే కూర్చుని మొదటి నుంచి చదివింది, నోట్‌బుక్‌లో తలకిందుల పొలం బొమ్మ గీసుకుంది. వచ్చే శనివారం మా కాలేజీ మైక్రోస్కోప్ తీసి రామంతాపూర్ చెరువు నీళ్ళు చూద్దాం అంటోంది. తన ప్రశ్న ఒకటి ఉంది, తనే రాస్తుందట:

నమస్తే ఆంటీ, అంకుల్స్. పిల్ల క్రిల్ మంచు అడుగు గీక్కుని తింటుందని రాశారు. మరి పెద్దవి? అక్కడ శీతాకాలం నెలల తరబడి చీకటి కదా, నీటిలో శైవలం పెరగదు. అంతకాలం ఏం తిని బతుకుతాయి?

కెరటం (కూకట్‌పల్లి)
ఆదివారం, రాత్రి 10:20

ఏది దొరికితే అది తింటాయి తల్లీ. కోపెపాడ్‌లు, సముద్రం అడుగున పేరుకున్న చెత్త. వేసవిలో దాచుకున్న కొవ్వు వాడుకుంటాయి, శరీరం పని నెమ్మది చేసుకుంటాయి. అవీ చాలకపోతే చిన్నవైపోతాయి. నిజంగానే. క్రిల్ పెరిగేటప్పుడు పాత పెంకు విడిచి పెద్ద పెంకు తొడుక్కుంటుంది కదా, ఆకలి కాలంలో పెంకు విడిచి ముందుకన్నా చిన్న పెంకు తొడుక్కుంటుంది. ల్యాబ్‌లో ఏ తిండీ పెట్టకుండా ఉంచినప్పుడు అలా తగ్గుతూ 200 రోజులకు పైగా బతికాయి. అందుకే వలలో పడిన క్రిల్ పొడుగు చూసి దాని వయసు చెప్పలేం. చిన్నగా ఉన్నది ఈ ఏటి పిల్ల కావచ్చు, మూడు చలికాలాలు దాటిన తల్లీ కావచ్చు. తేడా పట్టుకోవడానికి నేను దాని కళ్ళు చూసేదాన్ని. ఒళ్ళు తగ్గినంతగా కళ్ళు తగ్గవు.

జువాలజీ_మేడమ్ (హబ్సిగూడ)
ఆదివారం, రాత్రి 10:31

కళ్ళు ఎలా కొలుస్తారు, స్కేలు మైక్రోస్కోప్ లోపలే ఉంటుందా అని అడుగుతోంది. రేపు పొద్దున ఏడింటికి కాలేజీ బస్సు ఉంది, పడుకోమన్నా వినడం లేదు.